పిలుపు వినపడని సాయంత్రం

ముందుగా చదివేవాళ్లకు ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయాక, మనవరాలి పక్కన కూర్చుని. రాతలో తప్పులుంటే పత్రికవాళ్లు దిద్దుతున్నారు, వాళ్ల చూపు తప్పించుకున్నవి మీరు దిద్దుకోండి. ఒక పేజీ నింపడానికి నాకు ఒక పూట పడుతుంది. పోయిన వారం ఈ కథ రాకపోవడానికి అదే కారణం. కోపగించుకోకండి.

కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేస్తాను. ఇటలీ దక్షిణాన, ఎండకు నోరు తెరిచిన నేల మీద పుట్టిన దొనాతా, పని కోసం ఈ మంచు కొండల దేశానికి వచ్చింది. రైలు స్టేషను పక్క హోటల్లో దుప్పట్లు ఉతుకుతూ ఉండగా పాలు తెచ్చే ఆంబ్రోస్ హెర్గర్ ఆమెను చూశాడు. చలికాలంలో పెళ్లయింది. వేసవి రాగానే అతను ఆవులతో పాటు భార్యనూ, తల్లి అగాతానూ తీసుకుని ఊరికి చాలా ఎత్తున ఉన్న మేతగట్టుకు ఎక్కాడు. అక్కడ రాతి గుడిసె, ఆవులు, ఆకాశం తప్ప ఏమీ లేవు. బుధవారం రాత్రి పిడుగుల వాన కురిసింది. ఆ రాత్రే మొగుడూ పెళ్లాలకు మాటా మాటా పెరిగింది. ‘ఈ రాళ్ల మధ్య నేను బతకలేను, నన్ను మా ఊరికి పంపెయ్’ అని దొనాతా అనేసింది. తెల్లారి చూస్తే బ్లూమి అనే పెయ్య మందలో లేదు. దాన్ని వెతకడానికి వెళ్లిన ఆంబ్రోస్ తిరిగి రాలేదు. ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లాడు.

*

శనివారం నాడు కూడా అగాతా రోజూలాగే రాగి బాన కింద మంట సర్దింది. మనిషి కనపడకపోయినా ఆవుల పొదుగులు నిండుతాయి. పితికిన పాలను ఆ పూటే చీజుకు తోడెయ్యకపోతే పాడైపోతాయి. దొనాతా బాన ముందు నిలబడి తెడ్డు తిప్పుతోంది. నిద్రలేక ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. రెప్ప వాలిస్తే చాలు, తను అన్న మాట తనకే వినపడుతోంది.

గురువారం మధ్యాహ్నమూ, శుక్రవారం పొద్దంతా ఆమె వెతికింది. కొండ మీద పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే చాచిన చెయ్యి చివర వేళ్లు కనపడలేదు. పై బండల దాకా పాకుతూ పోయి, అతని పేరు పిలిచి, తన గొంతే తిరిగి వచ్చి మొహాన తగిలితే కూలబడి ఏడ్చింది. రెండు రోజులూ పాలు పితికే వేళకు అగాతా గంట మోగించి ఆమెను వెనక్కి రప్పించింది.

అగాతా మాత్రం కంగారు పడలేదు. కొడుకు ఎక్కడున్నాడో తనకు తెలుసంది.

"కనుమ దాటి అవతలి లోయలో ఉంటాడు. సారాకొట్టు బల్ల మీద తల ఆన్చి పడుకుని ఉంటాడు. వాళ్ల నాన్నా ఇంతే. కోపం వస్తే కనుమ దాటేవాడు, జేబు ఖాళీ అయితే దిగేవాడు. మూడోనాటికి గుమ్మంలో నిలబడి, ఏమీ ఎరగనట్టు కాఫీ అడిగేవాడు."

ఆంబ్రోస్ ఆదివారం ఒక్క గ్లాసు మించి తాగడని దొనాతా అంది. అగాతా కట్టెను మంటలోకి తోసింది.

"పెళ్లాం పంపెయ్యమన్నాక ఏ మగాడైనా తాగుతాడు."

రెండు రోజులుగా ఆ మాటే ఆమె నోరు కట్టేసింది. అతను నిజంగానే తన మీద విసుగెత్తి వెళ్లిపోయాడేమో. పరాయి దేశపు పిల్లను తెచ్చుకున్నందుకు ఊళ్లో పడిన మాటలన్నీ ఆ రాత్రి ఒక్కసారిగా గుర్తొచ్చాయేమో. ఇటలీవాళ్ల తిండి పేరు పెట్టి ‘మాకరోనీ పిల్ల’ అనేవారు ఆమెను, ఎదురుగానే, నవ్వుతూనే. వేసవి మేతగట్టు ఎవరికి ఇవ్వాలో తేల్చే సభలో కూడా అదే మాట వచ్చింది. ఊరి మగాళ్లంతా చేతులెత్తి తేల్చే సభ అది. ఆంబ్రోస్‌కు ఇవ్వొద్దని కొన్ని చేతులు లేచాయి. గండి అవతలి గట్టు మీద మేపుకునే కాస్పర్ అందరికన్నా ముందు ఎత్తాడు. చివరికి ఒక షరతు మీద ఆంబ్రోస్‌కు ఇచ్చారు. మందలు దిగే రోజు దాకా ప్రతి రాత్రీ అతను గట్టు మీదే ఉండాలి. ఆడవాళ్ల మీద ఆవులను వదిలి వెళ్లాడని తెలిస్తే గట్టు ఇంకొకరికి పోతుంది. హెర్గర్‌లకు కింద ఊళ్లో గుప్పెడు బంగాళాదుంపల మడి తప్ప వేరే నేల లేదు.

పొద్దు వాలుతుండగా పొగమంచు కొంచెం కొంచెంగా కిందికి దిగింది. గుడిసె చుట్టూ తేటపడింది. కాస్పర్ గట్టు కూడా కనపడింది. మంచంతా రెండు గట్ల మధ్య ఉన్న గండిలోకి జారి, గిన్నెలో పాలలా నిలిచింది. కింద వాగు హోరు తప్ప ఏమీ తెలియడం లేదు. ఆ వాగు మీది చెక్క వంతెనను బుధవారం వానే పట్టుకుపోయింది.

అప్పుడు గంట వినపడింది. మెడగంట. మందలోని ఆవులన్నీ వాకిట్లోనే ఉన్నాయి. ఈ గంట గండి వైపు నుంచి వస్తోంది.

దొనాతా తెడ్డు వదిలేసి పరుగెత్తింది. మంచులోంచి ముందు కొమ్ములు, తరవాత తెల్ల మచ్చ నుదురు పైకి వచ్చాయి. బ్లూమి. మోకాళ్లు చెక్కుకుపోయి, పొట్ట దాకా బురదతో, కుంటుతూ ఎక్కి వచ్చి, ఆమె అరచేతిని నాకింది. దాని మెడకు ఒక బెల్టు చుట్టి ఉంది. తోలు బెల్టు, దాని మీద వరసగా బిగించిన ఇత్తడి ఆవుల బొమ్మలు. పెళ్లినాడు ఆంబ్రోస్ నడుముకు ఉన్నది. ఒక కొస పెయ్య మెడకు ముడేసి, రెండో కొస చేతికి పట్టుకోవడానికి ఉచ్చుగా మలిచి ఉంది. ఆ ముడి అతనిదే. దూడలను కట్టేటప్పుడు అతను ముడిని రెండుసార్లు తిప్పడం ఆమె వేసవంతా చూసింది.

ఉచ్చులో చెయ్యి లేదు.

దొనాతా ఆ ఉచ్చును పట్టుకుని పెయ్యను గుడిసె ముందుకు నడిపించింది. అగాతా గుమ్మంలోకి వచ్చి చూసింది. చూసి, గుమ్మం రాయి మీదే కూచుండిపోయింది.

"దొరికింది అత్తయ్యా" అంది దొనాతా. "ఆయనకి పెయ్య దొరికింది. బెల్టు తీసి కట్టాడు. తోలుకొస్తున్నాడు." ఉచ్చును అగాతా చేతిలో పెట్టింది. "ఇంటికే వస్తున్నాడు. నా దగ్గరికే వస్తున్నాడు."

అగాతా బెల్టును పెయ్య మెడ నుంచి విప్పి ఒళ్లోకి తీసుకుంది. ఆమె చెయ్యి దాని మీది ఇత్తడి ఆవులను ఒక్కొక్కటే తడుముతోంది.

*

కాస్పర్ దగ్గరికి వెళ్తానంది దొనాతా. అక్కడ నలుగురు మగాళ్లు ఉన్నారు, తాళ్లు ఉన్నాయి. వంతెన లేదుగా అంది అగాతా. వాగు ఎగువన, పై రేవు దగ్గర దాటుతానంటే, ఈ వానకు అక్కడ నడుంలోతు నీళ్లుంటాయనీ, దారి తెలియని మనిషి చీకట్లో దిగితే రేపు రెండు శవాలు వెతకాలనీ అంది. శవం అన్న మాట తన నోట వచ్చినందుకు తనే ఉలిక్కిపడి సిలువ గీసుకుంది.

"అయితే ఇక్కడి నుంచే అరుస్తాను" అంది దొనాతా. గుడిసె గోడకు వేలాడుతున్న పాల గరాటును చూపించింది. "దాంట్లో అరిస్తే అవతలికి వినపడుతుంది కదా. మా ఆయన గండిలో పడ్డాడు, రండి అని చెబుతాను."

"మాటలు దాటవు పిల్లా. రాగమే దాటుతుంది. దాంట్లో ఏం చెప్పినా వాళ్లకు సందె పిలుపులాగే ఉంటుంది."

ఆ గరాటు చెక్కతో చేసింది. పొద్దున పాలు వడకట్టడానికి వాడతారు. పొద్దు వాలాక గట్టు యజమాని దాన్ని కడిగి, గుడిసె వెనక ఉన్న చెక్క సిలువ దగ్గర నిలబడి, నోటికి ఆనించుకుని నాలుగు దిక్కులకూ పిలుస్తాడు. పాటా కాదు, మాటా కాదు. దేవుణ్ణీ, మరియ తల్లినీ, పశువులను కాచే పునీతులనూ పేరు పేరునా పిలిచి ఈ కొండను కాయమంటాడు. ఆ గొంతు ఎంత దూరం పోతే అంత దూరం, ఆ రాత్రికి మనిషికీ గొడ్డుకూ చెడు జరగదు. ముందు కాస్పర్ గట్టు మీంచి వస్తుంది, తరవాత ఇటు నుంచి వెళ్తుంది. ఆడది ఆ గరాటును నోటికి పెట్టకూడదు.

గురువారం, శుక్రవారం మాత్రం అగాతా పెట్టింది. ‘వాడు లేడని దేవుణ్ణి మరిచిపోతామా’ అంది. దొనాతా ఆమె పక్కనే గడ్డిలో మోకరించి రెండు సాయంత్రాలూ దండం పెట్టుకుంది. ముసలామె బొంగురు గొంతు ఆ గరాటులోంచి అచ్చం మగవాడి గొంతులా, ఆంబ్రోస్ గొంతులా బయటికి రావడం చూసి ఆశ్చర్యపోయింది. కొడుకు కోసం తల్లి పడే ఆరాటమే అనుకుంది.

"మరేం చేద్దాం అత్తయ్యా? ఇలా కూర్చుందామా?"

అగాతా ఒళ్లో ఉన్న బెల్టును చుట్ట చుట్టింది. తరవాత, తన లోపలి మనిషికెవరికో చెబుతున్నట్టు అంది:

"అరవక్కర్లేదు. ఊరుకుంటే చాలు."

దొనాతాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంది.

"పిలవకుండా ఊరుకుంటే చాలు. సందెకు ఒక గట్టు నుంచి పిలుపు రాకపోతే, పక్క గట్టువాళ్లు తాళ్లూ లాంతర్లూ పట్టుకుని బయల్దేరాలి. ఎవరూ అడగక్కర్లేదు. పగవాడైనా సరే, రావలసిందే. పిలుపు వినపడితే ఇక్కడ అంతా బాగున్నట్టు. వినపడకపోతే మనిషికి ఏదో అయినట్టు. ఈ కొండ మీద ఎప్పటి నుంచీ అంతే."

వాకిట్లో ఒక ఆవు మెడ విదిలించింది. గంట మోగి ఆగింది. దొనాతా అత్తగారి మొహంలోకే చూస్తోంది.

"మీరు పిలిచారు" అంది. "మొన్న పిలిచారు. నిన్న పిలిచారు. ఆయన గొంతులా పిలిచారు."

"వాడు కనుమ దాటాడనుకున్నాను."

"ఆయన గండిలో పడి ఉంటే, ఇక్కడ అంతా బాగుందని నువ్వు కొండంతా చాటావు."

పెళ్లయినప్పటి నుంచీ దొనాతా ఆమెను ‘నువ్వు’ అనలేదు. ఇద్దరూ దాన్ని గమనించే స్థితిలో లేరు.

అగాతా అప్పుడు చెప్పింది. ఎవరికీ చెప్పనిది, చెప్పకూడదనుకున్నది, మంట ఆరిపోతున్న బాన వైపు చూస్తూ చెప్పింది. ఆమె భర్త కనుమ దాటిన ప్రతిసారీ ఆమే పిలిచేది. మొదటిసారి ఆంబ్రోస్ ఇంకా ఉయ్యాలలో ఉన్నాడు. సందె అయింది, కాస్పర్ తండ్రి అవతలి నుంచి పిలిచాడు. ఇటు నుంచి పిలుపు వెళ్లకపోతే లాంతర్లు వస్తాయి. లాంతర్లు వస్తే గట్టు మీద మగాడు లేడని తెలుస్తుంది. పిల్లాణ్ణి పడుకోబెట్టి, గరాటు తీసుకుని, గొంతు లావు చేసి పిలిచింది. ఎవరూ పోల్చుకోలేదు. ఆ తరవాత ఎన్ని వేసవులు అలా గడిచాయో. అతను ఎప్పుడూ తిరిగి వచ్చాడు. ఒక్కసారి కూడా రాకుండా పోలేదు.

"మా ఆయన పోయినప్పుడు ఊళ్లో ఏమన్నారో తెలుసా? ఒక్క సందె కూడా పిలుపు తప్పని మనిషి అన్నారు. పాతిపెడుతూ ఆ మాటే అన్నారు. నేను తల వంచుకుని విన్నాను." ఆమె పెదవి వంకర తిరిగింది, నవ్వో ఏడుపో తెలియదు. "నాకు వచ్చిన విద్య అదొక్కటే. మగాడు లేని ఇంట్లో మగాడున్నట్టు వినిపించడం. వాడు కనపడకపోతే నా చెయ్యి దానంతటదే గరాటు మీదికి పోయింది."

"ఈ పూట పోనివ్వను" అంది దొనాతా.

"వచ్చేది ఎవరో ఆలోచించావా? కాస్పర్. గట్టు తన కొడుకులకు కావాలని చెయ్యెత్తినవాడు. వాడు వచ్చి ఈ గుడిసెలో మనిద్దర్నీ చూస్తాడు. రెండు రోజులుగా పిలిచింది ఎవరని అడుగుతాడు. గట్టు పోతుంది."

"పోనీ."

"పోనీ అనడం నీకు తేలిక. నీకు ఇంకో ఊరుంది. పంపెయ్యమని అన్నావుగా. గోడ ఇవతల పడుకుని నేనూ విన్నాను."

దొనాతా మొహాన కొట్టినట్టయింది. కానీ ఈసారి ఆ మాట ఆమె నోరు కట్టలేదు. పెయ్య మెడ చుట్టూ ఆ తోలు చేసిన గుర్తు ఇంకా తడిగా కనపడుతోంది.

"అన్నాను. ఆయన తిరిగొస్తే కాళ్ల మీద పడి మళ్లీ అననని చెబుతాను. నాకు ఈ కొండ మీద ఉన్నది ఆయనొక్కడే. ఆయన ఆ గండిలో ఉన్నాడు. గట్టు గురించి నాతో మాట్లాడకు."

*

సూర్యుడు కనుమ వెనక్కి పోయాడు. రాళ్ల రంగు మారింది.

అగాతా లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియనట్టు గోడ దగ్గరికి నడిచి, గరాటును తీసి, నడుముకు కట్టుకున్న గుడ్డతో తుడిచింది. దొనాతా వెళ్లి దాని రెండో వైపు పట్టుకుంది. ముసలామె వదల్లేదు. ఇద్దరూ ఆ చెక్క గరాటును చెరో వైపు పట్టుకుని నిలబడ్డారు. అగాతా చేతుల్లో ఇంత బలం ఉందని దొనాతాకు తెలియదు.

"గట్టు కోసం కాదు" అంది అగాతా. "పిలవకపోతే వాణ్ణి ఈ రాత్రి ఎవరు కాస్తారు? ఆ గండిలో, ఒక్కణ్ణి. పిలుపు చేరని చోట ఏముంటుందో నీకు తెలియదు. నువ్వు ఈ కొండదానివి కాదు."

దొనాతాకు నిజంగానే తెలియదు. కానీ ఆ భయం ఆమెకూ అంటుకుంది. ఒకవేళ ముసలామె అన్నదే నిజమైతే, ఈ రెండు రోజులూ అతణ్ణి బతికించింది ఆ పిలుపే అయితే. ఆమె పట్టు ఒక్క క్షణం సడలింది. మళ్లీ బిగించింది.

"లోపల పిలుచుకోండి అత్తయ్యా" అంది, మెల్లగా. "దేవుడికి గరాటు అక్కర్లేదు. కాస్పర్‌కే కావాలి."

అగాతా వేళ్లు ఒక్కొక్కటే వదిలాయి.

అవతలి గట్టు మీంచి కాస్పర్ పిలుపు మొదలైంది. మాటలు తెలియవు. బరువైన గొంతు పైకి లేచి, వంగి, మళ్లీ లేచి, రాళ్లకు తగిలి తిరిగి వస్తోంది. ఆవులు మేత మానేసి తలలెత్తాయి. అతను నాలుగు దిక్కులకూ పిలిచి ఆగాడు.

ఇక ఇటు నుంచి వెళ్లాలి.

ఇద్దరూ సిలువ దగ్గర గడ్డిలో కూర్చున్నారు. దొనాతా గరాటును గుండెకు అదుముకుంది. అగాతా నడుం గుడ్డ కొసను నోట్లో కుక్కుకుని ఊగుతోంది. ఊరుకోవడం ఇంత కష్టమని దొనాతా ఎప్పుడూ అనుకోలేదు. నోరు మూసుకుని కూర్చోవడానికి ఒంట్లో ప్రతి ఎముకా పనిచెయ్యవలసి వచ్చింది. ఆవులు ఒకటొకటిగా వీళ్ల వైపు తిరిగి చూశాయి. వాటికి కూడా తెలుసు, ఏదో రావలసింది రాలేదని.

కాస్పర్ రెండోసారి పిలిచాడు. ఈసారి నాలుగు దిక్కులకూ కాదు. ఇటు వైపే. పిలుపు చివర గొంతు పైకెత్తి, అడిగినట్టు వదిలేశాడు.

అగాతా గొంతులోంచి సన్నని శబ్దం వచ్చింది. దొనాతా ఆమె చెయ్యి పట్టుకుంది. పెళ్లయ్యాక ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

అవతల ఒక లాంతరు వెలిగింది. దాని పక్కన ఇంకొకటి. మరో రెండు. అవి గుడిసె ముందు అటూ ఇటూ తిరిగి, ఒక వరసలోకి వచ్చి, పై రేవు దారి పట్టి కదిలాయి.

"వస్తున్నారు" అంది దొనాతా. "అత్తయ్యా, వస్తున్నారు."

అప్పుడే వినపడింది.

కింద, గండిలోంచి, మంచు అడుగు నుంచి. మొదట వాగు హోరేమో అనుకున్నారు. కానీ వాగు వంగి లేవదు. అది పైకి లేచి, వంగి, మళ్లీ లేచింది. నీరసంగా, తెగిపోతూ, సందె పిలుపు. గరాటు లేని, ఒట్టి నోటి పిలుపు. దేవుడి పేరు దాకా వచ్చింది, మరియ తల్లి పేరు దాకా వచ్చింది. పునీతుల దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చాలక ఆగిపోయింది.

దొనాతా గడ్డిలో బోర్లా పడి గండి అంచు దాకా పాకింది. వెనక నుంచి అగాతా గొంతు వినపడింది, మనిషి గొంతులా లేదు.

"ఈ వేళకే పిలుస్తున్నాడు. కొండంతా చెవులొగ్గి వినే వేళ ఇదేనని వాడికి తెలుసు. మొన్నా పిలిచి ఉంటాడు. నిన్నా పిలిచి ఉంటాడు." ఆమె రెండు చేతులూ తన గొంతు మీద పెట్టుకుంది. "వాడు పిలిచే వేళకే నేనూ పిలిచాను. వాడి పిలుపును నేనే కప్పేశాను."

దొనాతా ఆమెను ఓదార్చలేదు. అందుకు వీలున్న సమయం కాదది. లాంతర్లు పైకి పోతున్నాయి, గండికి దూరంగా. అవి పై రేవు దాటి, చుట్టూ తిరిగి, ఈ గుడిసెకు వస్తాయి. అప్పటికి చీకటి గడ్డకడుతుంది. కిందనేమో గొంతు ఆగిపోయింది. తన పిలుపు ఎవరికీ వినపడలేదనుకుంటాడు. ఇది మూడోసారి. మూడోసారి కూడా జవాబు రాకపోతే మనిషి ఇంకేం పట్టుకుని తెల్లవారేదాకా ఉంటాడు?

అగాతా పాకుతూ వచ్చి గరాటు అందుకోబోయింది. విన్నామని వాడికి చెప్పాలంది. దొనాతా దాన్ని వెనక్కి లాక్కుంది.

"వద్దు. మీరు పిలిస్తే అది పిలుపే. అంతా బాగుందనుకుని వాళ్లు వెనక్కి తిరిగిపోతారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిలిస్తే లాంతర్లు తిరిగిపోతాయి. పిలవకపోతే కింద మనిషి ఆశ వదులుకుంటాడు.

అగాతా కళ్లు తుడుచుకుంది. గరాటు అంచు పట్టుకుని, దాన్ని దొనాతా నోటి వైపు తిప్పింది.

"నువ్వు పిలువు."

"నాకు పిలుపు రాదు అత్తయ్యా."

"మాది కాదు. మీ ఊరిది. వచ్చిన కొత్తలో పిలిచావే, అన్నానికి రమ్మని."

దొనాతా వాళ్ల ఊరూ ఒక గండి అంచు మీదే ఉంది. సాయంత్రాలు ఆడవాళ్లు ఇళ్ల ముందు నిలబడి, కింద పొలాల్లో ఉన్న మగవాళ్లను పేరు పెట్టి పిలుస్తారు. పేరు చివరి అక్షరాన్ని ఊపిరి ఉన్నంతవరకూ సాగదీసి, ఒక్కసారిగా తెంపేస్తారు. మేతగట్టుకు వచ్చిన మొదటి వారంలో ఆమె అలాగే ఆంబ్రోస్‌ను పిలిచింది. ఆవులు బెదిరి చెల్లాచెదరయ్యాయి. అగాతా చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చి ఇంట్లో ఎవరు చచ్చారని అడిగింది. ఆ ఆదివారం చర్చి ముందు కాస్పర్ టోపీ తీసి పలకరించి, హెర్గర్‌లు గాడిదను కొన్నారట కదా, మా గట్టు దాకా వినపడింది అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరవాత ఈ కొండ మీద ఆమె గొంతెత్తింది ఆంబ్రోస్‌ను వెతికిన ఆ రెండు రోజులే, అదీ ఈ దేశపు మనుషులు పిలిచినట్టు, పొట్టిగా.

ఆమె గండి అంచున లేచి నిలబడింది. గరాటును నోటికి ఆనించుకుంది. దాని చెక్కకు పాల వాసన, ఆంబ్రోస్ పొగాకు వాసన. ఊపిరి పీల్చుకుంది.

"ఆంబ్రో..."

ఆ పేరు మంచు మీదుగా సాగుతూ పోయింది, పోయింది, అవతలి రాళ్లకు తగిలి, తెగింది. ఆవులు బెదరలేదు ఈసారి. అగాతా గడ్డి మీద మొహం ఆన్చి, చెవిని నేలకు నొక్కిపెట్టి వింటోంది.

వాగు హోరు. ఇంకేమీ లేదు.

మళ్లీ పిలిచింది. ఊపిరితిత్తులు మండేదాకా సాగదీసింది.

అప్పుడు కింద నుంచి చప్పుడు వచ్చింది. గొంతు కాదు. రాయి మీద రాయి. ఒకటి. కాసేపు ఆగి, ఇంకొకటి.

"వాడే" అంది అగాతా నేల మీంచి లేవకుండా. "వింటున్నాడు. వాడు వింటున్నాడు పిల్లా."

దొనాతా నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా మూడోసారి ఊపిరి తీసుకుంటూ, అవతలి గట్టు వైపు తలెత్తింది.

లాంతర్లు ఆగిపోయి ఉన్నాయి.

నాలుగూ ఒక్కచోటే, పై రేవుకు కొంచెం ఇవతల, దారి మీద నిలిచిపోయాయి. హెర్గర్ గట్టు నుంచి పిలుపు రాలేదని బయల్దేరినవాళ్లకు ఇప్పుడు హెర్గర్ గట్టు నుంచే గొంతు వినపడింది. అది పిలుపు కాదు. పిలుపు కాదనీ చెప్పలేరు. ఒకప్పుడు చర్చి ముందు నవ్వుకున్న గొంతు అది. ముందు నడుస్తున్న లాంతరును పైకెత్తి ఎవరో ఇటు చూస్తున్నారు.

దొనాతా గరాటు దించలేదు. మళ్లీ పిలవడానికీ ధైర్యం చాలలేదు. ఆమె చూస్తుండగా, ఆ వరసలో చివరి లాంతరు నెమ్మదిగా వెనక్కి, కాస్పర్ గుడిసె వైపు తిరిగింది.

(మిగతాది వచ్చే వారం)

— జెరార్దా ఫురెర్, డెబ్బై ఎనిమిదేళ్లు, ప్రస్తుతం ఆల్ట్‌డోర్ఫ్‌లో నివాసం